బొమ్మ ఆగినంత మాత్రమున వీడియో చెడినట్లు కాదు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామసభను సెల్‌ఫోనులో వీడియో తీయించు అలవాటు నేడు అనేక గ్రామములలో కలదు. ఎవరు ఏమి కోరిరి, ఏ తీర్మానమునకు ఎందరు చేతులెత్తిరి అను విషయమునకు అది చక్కని సాక్ష్యము. అయితే ఆ సాక్ష్యమును మన చేతులతో మనమే చెరిపివేయు ప్రమాదము కూడ ఉన్నది.

నేనెరిగిన ఒక గ్రామమున అట్లే జరిగినది. మంచినీటి గొట్టములను గూర్చి జరిగిన సభను ఒక యువకుడు ఫోనులో తీసి, ఊరివారికి చూపుటకై కత్తిరించి కూర్చవలెనని పంచాయతీ కంప్యూటరులోనికి ఎక్కించెను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో బొమ్మ అడుగడుగున ఆగినది. వీడియో పాడైనదని తలచి, అతడు కంప్యూటరులోని ప్రతిని, ఫోనులోని మూలమును కూడ తొలగించెను. ముందురోజు ఫోనులో అది చక్కగా ఆడిన సంగతి అతనికి తోచలేదు. తరువాత ఏ వీధికి ముందు గొట్టము వేయవలెనని వివాదము రాగా, చూపుటకు ఏమియు మిగులలేదు.

ఆ యువకుని నిందించి ప్రయోజనము లేదు. కారణము తెలిసికొనుట మేలు. మనము పద్దు పుస్తకమున మొదట నిలువ వ్రాసి, పిదప ఏ రోజు జమాఖర్చులు ఆ రోజు వ్రాయుదుము. నడిమి తేదీ నిలువ కావలెనన్న, మొదటినుండి లెక్క కట్టవలసినదే. ఫోను వీడియోయు అంతే. 2003లో వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్.265 పద్ధతులలో కొన్ని ఫ్రేములు మాత్రమే పూర్తిగా ఉండును. తక్కినవానికి మార్పులు మాత్రమే వ్రాయబడును. దానిని విప్పుటకు ఫోనులో ప్రత్యేకమైన చిప్పు ఉండును. పాత కంప్యూటరులో అట్టిది లేకపోవచ్చును. పైగా 4కె బొమ్మలో ఒక్కొక్క ఫ్రేమునకు 82,94,400 చుక్కలు. 1080 బొమ్మలో 20,73,600 మాత్రమే. ఆగుచున్నది యంత్రము, చెడినది వీడియో కాదు.

కావున వరుసగా ఇట్లు చేయుడు.

మొదట, మూలమును ఫోనులో ఆడించి చూడుడు. అచ్చట బాగున్నచో దానికి లోపము లేదని నమ్మవచ్చును.

రెండవది, పెన్‌డ్రైవు నుండి నేరుగా పని చేయక, వీడియోను కంప్యూటరు లోపలి డిస్కునకు ఎక్కించుకొనుడు.

మూడవది, సాఫ్ట్‌వేరులో చూచు బొమ్మ నాణ్యతను సగమునకో, పాతికకో తగ్గించుడు. ఇది పనివేళ మనము చూచుటకు మాత్రమే. తుది వీడియో తగ్గదు.

నాల్గవది, అప్పటికిని ఆగినచో ప్రాక్సీలు, అనగా తేలికపాటి నకళ్ళు, చేయించుడు. ఉచితముగా లభించు కెడెన్‌లైవ్, షాట్‌కట్‌లలో కూడ ఈ సదుపాయము కలదు. కత్తిరింపు నకలు మీద జరుగును; తుది వీడియో మూలము నుండి తయారగును.

ఐదవది, మాట ముందు, పెదవి వెనుక అయినచో, ఫోను సెకనుకు తీయు ఫ్రేముల సంఖ్య నిలకడగా లేకపోవుట కారణము కావచ్చును. ఉచితమైన హ్యాండ్‌బ్రేక్‌లో స్థిరమైన ఫ్రేముల సంఖ్య నెంచుకొని మరొక ప్రతి తీసి, దానితో కూర్చుడు.

ఇక "ఫైలు కనబడలేదు" అని సాఫ్ట్‌వేరు చెప్పినచో భయపడవలదు. ఎవరో దాని పేరో, చోటో మార్చియుందురు. అది ఇప్పుడున్న చోటు చూపిన చాలును.

సభ్యులారా! ఈ పనులన్నియు మీరే చేయవలెనని కాదు. చేయువానికి ఒక్క నియమము మాత్రము మీరు విధింపవలెను: మూలమునకు రెండు ప్రతులు, రెండు వేర్వేరు చోట్ల, ఒకటి పంచాయతీ కార్యదర్శి వద్ద ఉండవలెను. అవి భద్రమైన పిదపనే కత్తిరింపు మొదలు కావలెను. పంచాయతీ అనుమతి లేక మూలమును ఎవరును తొలగింపరాదు.

గ్రామసభలో పలికిన మాట ఊరి ఉమ్మడి సొత్తు. దానిని కాపాడుట మన విధి. సెలవు.