మెషీనుకు చెప్పేటోడు ఎవరు?

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై నాలుగేళ్ల వయసులో నేను కంప్యూటర్ ఆట రాయడం నేర్చుకున్నానని తెలిసి, దాని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నవ్వేవాళ్లు నవ్వవచ్చు. మా ఇంట్లో ముందే నవ్వారు.

వినోబా భావేగారు మన పోచంపల్లికి వచ్చిన 1951లోనే నేను పుట్టాను. మాది చేనేత కుటుంబం. నేను ఎల్.డి.సి.గా కొలువులో చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశాను. మా అక్క మాత్రం ఆసు పోస్తూనే బతికింది. ఒక్క చీరకు మేకుల చుట్టూ దారాన్ని సుమారు 9,000 సార్లు తిప్పాలని మీకు తెలియంది కాదు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశంగారు, తల్లి కష్టం చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం మా ఇల్లు చేరేసరికే మా అక్క వేళ్ల గీతలు అరిగిపోయాయి.

ఒక ఏడు, సర్కారు పింఛను తీసుకునే చోట ఆమె వేలిముద్ర పడలేదు. మూడు నెలలు తిప్పారు. "మెషీను ఒప్పుకుంటలేదమ్మా" అన్నదొక్కటే జవాబు. ఆ నెలల్లో ఖర్చులకు నేనే ఇచ్చాను. తీసుకునేటప్పుడు అక్క నా మొహం చూసేది కాదు. మూడోసారి ఉత్త చేతులతో తిరిగొస్తూ అడిగింది: "తమ్మీ, అన్నేండ్లు సర్కారు కొలువు చేసినవ్ గద, ఆ మెషీనుకు చెప్పేటోడు ఎవరు?" నా దగ్గర జవాబు లేదు.

దసరాకు వచ్చిన మనుమణ్ణి అదే అడిగాను. "తాతా, చెప్తే తెలువదు. నువ్వే ఒక చిన్న ప్రోగ్రాం రాయి, తెలుస్తది" అన్నాడు. పైనుంచి ముక్కలు పడే ఆట రాయమన్నాడు. 1990లలో మన పిల్లలు జాతరల్లో మారాం చేసి కొనిపించుకున్న బ్రిక్ గేమ్ గుర్తుందా? ఆ ఆటే.

దాని అసలు పేరు టెట్రిస్. 1984లో మాస్కోలో, సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేసే అలెక్సీ పజిత్నోవ్ రాశాడు. ఆయనా మనలాగే సర్కారు జీతగాడు. ఎలక్ట్రానికా 60 అనే ఆ యంత్రానికి బొమ్మలు వేయడం రాదు. అందుకని బ్రాకెట్ గుర్తులు పక్కపక్కన పెట్టి గడులు చేశాడు. నాలుగేసి గడులు అతికిస్తే ఏడు రకాల ముక్కలు వస్తాయి. ఒక్కొక్కటే పడుతుంటే తిప్పి సర్దాలి. అడ్డవరుస నిండితే మాయమవుతుంది. లోకమంతా ఆడిన ఆ ఆటకు ఆయన చేతికి రాయల్టీ అందడం మొదలైంది 1996లో! మన ఏరియర్సే నయం.

కంప్యూటర్ ముందు కూర్చోగానే బెదిరాను. మనుమడు దాన్ని పక్కకు జరిపి గ్రాఫు కాగితం ఇచ్చాడు. పది గడుల వెడల్పు, ఇరవై గడుల ఎత్తు. ఖాళీ గడికి సున్నా, నిండిన గడికి ఒకటి. నా బెదురు పోయింది. మన దగ్గర చీర డిజైను మొదలయ్యేది గ్రాఫు కాగితం మీదే గదా! ఎక్కడ ముడి కట్టాలో, ఎక్కడ రంగు పట్టాలో అన్నీ ముందే నిర్ణయమవుతాయి. మగ్గమెక్కాక దారం సొంతంగా ఏమీ ఆలోచించదు.

పైథాన్ అనే కంప్యూటర్ భాషలో, రోజుకు గంట చొప్పున, దసరా నుంచి సంక్రాంతి దాకా కూర్చున్నాను. మొదట్లో ముక్క అడుగు దాటి కిందికి పోయేది. ఆగమని నేను రాయలేదు, అది ఆగలేదు. కదిపే ముందే కింది గడి ఖాళీగా ఉందో లేదో చూడమని రాశాక ఆగింది.

పెద్ద చిక్కు తర్వాత వచ్చింది. రెండు వరుసలు ఒకేసారి నిండితే ఒకటే పోయేది. పది రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి పాత ఫైలొకటి ముందు పెట్టుకుంటే తెలిసింది. ఫైలులో 12వ కాగితం తీసేస్తే 13వది 12వది అవుతుంది. అది చూసుకోకుండా 13 దగ్గరికి పోతే కనిపించేది పాత 14. మధ్యలోది తప్పిపోయినట్టే. నా ప్రోగ్రాం అదే చేస్తోంది. నిండిన వరుస తీసేయగానే పై వరుస ఆ చోటికి దిగుతోంది, నేనేమో దాన్ని చూడకుండా పైకి పోతున్నాను. "తీసేస్తే అక్కడే ఆగి మళ్లీ చూడు" అని చేర్చాను. రాత్రి పదకొండు గంటలకు రెండు వరుసలూ కలిసి మాయమయ్యాయి. ఇంటిల్లిపాదినీ లేపాను.

అక్క ప్రశ్నకు జవాబు ఆ రాత్రే దొరికింది. మెషీను ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం అంటూ ఏమీ లేదు. మనిషి చెప్పింది చేస్తుంది. చెప్పనిది దానికి తెలియదు.

మర్నాడు అక్కను వెంటబెట్టుకుని ఆ కార్యాలయానికి పోయాను. కోపగించుకోలేదు. "ఆధార్‌కు వేలిముద్రలతో పాటు కంటిపాపలు కూడా తీసుకున్నారు గదా. వేలిముద్ర పడనివాళ్లకు ఏ పద్ధతి రాసి ఉంది?" అని అడిగాను. లోపలినుంచి ఇంకొకరు వచ్చారు. పద్ధతి ఉంది. కంటిపాపతో పావుగంటలో పని అయింది. ఆగిన నెలల డబ్బు మాత్రం రాలేదు.

ఇక్కడ ఒక మాట దాచుకోకుండా చెప్పాలి. 1980లలో నా టేబుల్ దగ్గరికి వచ్చిన ఒక వితంతువు దరఖాస్తును, ఒక కాలమ్ నింపలేదని మూడుసార్లు తిప్పి పంపాను. "రూలు ఒప్పుకోదమ్మా" అన్నాను. ఆ రూలుకు మినహాయింపు ఉందేమో పుస్తకం తెరిచి చూడలేదు. అప్పుడు మెషీను లేదు. నేనే మెషీను.

మిత్రులారా, మీరంతా ఆటలు రాయాలని నేను అనను. కానీ మెషీను ఒప్పుకోవడం లేదని ఎవరన్నా అంటే తల వంచుకుని తిరిగి రావద్దు. వేరే దారి ఏం రాశారో మర్యాదగా అడగండి. మనలో చాలామందిమి ఒకప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లమే.

మా అక్కకు ఇప్పుడు ఎనభై దాటాయి. సాయంత్రాలు నా ఆట ఆడుతుంది. నాకంటే ఎక్కువ పాయింట్లు ఆమెవే. గడులు సర్దడం ఆమెకు కొత్తా?