సముద్రతీరాన జరిగిన అభిషేకం



ఈ సాయంకాలం విభీషణ శరణాగతిని గురించి చెప్పవలసినదని దేవస్థానం వారు నన్ను కోరారు. శరణాగతి తత్త్వాన్ని పెద్దలు ఎంతో విపులంగా చెప్పి ఉన్నారు. నేను ఆ విచారానికి పోక, ఆ ఘట్టంలో హనుమంతుడు పలికిన ఒక్క మాటను పట్టుకొని నాకు తోచినది విన్నవించుకుంటాను.

విభీషణుడు నలుగురు అనుచరులతో సముద్రపు ఉత్తరతీరానికి వచ్చి, ఆకాశంలోనే నిలిచి, తాను రావణుని తమ్ముడనని దాచకుండా చెప్పుకొన్నాడు. సుగ్రీవుడు ఇతనిని వధించవలసినదే అన్నాడు. అంగదుడు పరీక్షించమన్నాడు. శరభుడు చారుణ్ణి పంపమన్నాడు. జాంబవంతుడు, రాదగని వేళ రాదగని చోటికి వచ్చాడు గనుక శంకించవలసినదే అన్నాడు. మైందుడు మెల్లగా ప్రశ్నించి తెలుసుకొమ్మన్నాడు. వీరందరూ చూచినది విభీషణుని వైపే. హనుమంతుడొక్కడు రాముని వైపు కూడా చూచాడు. వాలి హతుడైనాడనీ, సుగ్రీవునికి రాజ్యాభిషేకం జరిగినదనీ విని, తానూ రాజ్యం కోరి, బాగా ఆలోచించుకొనియే ఇతడు ఇక్కడికి వచ్చాడు, స్వీకరింపదగినవాడు. ఆయన చెప్పినదాని సారం ఇది.

చిత్తగించండి. కిష్కింధలో రాముడు చేసినది సుగ్రీవుని కోసం. విభీషణునికి ఆయన కబురేమీ పంపలేదు. అయినా ఆ వార్త సముద్రం దాటింది. దానిని రావణసభలో చెప్పినవాడు హనుమంతుడే. దూతను చంపరాదని ఆనాడు ఆ సభలో అడ్డుపడినవాడు విభీషణుడే. అన్న చేత వెళ్ళగొట్టబడిన ఒక తమ్ముని కథ, అన్న చేత అవమానం పొందిన మరొక తమ్ముని చెవిన పడింది. ఇంక పిలుపు ఎందుకు?

సుగ్రీవుడు అప్పటికీ ఒప్పుకోలేదు. సొంత అన్ననే విడిచి వచ్చినవాడు రేపు ఎవరిని విడువడు అన్నాడు. ఈ మాట అన్నది ఎవరు? సుగ్రీవుడు! రాముడు లక్ష్మణుని చూచి చిరునవ్వు నవ్వాడని వాల్మీకి ఊరకే చెప్పలేదు.

తరువాత రాముడు లక్ష్మణుని చేత సముద్రజలం తెప్పించి, వానరవీరుల నడుమ విభీషణునికి లంకారాజ్యాభిషేకం చేయించాడు. అప్పటికి సేతువు కట్టలేదు. లంకపై ఒక్క బాణమైనా పడలేదు. ఏకాంతంలో మాట ఇస్తే చాలదా అని మీరడగవచ్చు. విభీషణునికి చాలును. కాని వధించమన్న సుగ్రీవుడు, శంకించిన జాంబవంతుడు, ఇకమీద ఇతని ప్రక్కన నిలిచి యుద్ధం చేయవలసిన కపిసేన, వీరందరూ చూడవలసి ఉన్నది. పదిమంది ఎదుట చేసిన పనిని వెనుకకు తీసుకోవడం ఎవరికీ సులభం కాదు.

అటు లంకలో జరిగినదీ చూడండి. వేగుకు వచ్చి పట్టుబడిన శుకసారణులను రాముడు, సేననంతా చూచుకొని పొండని విడిచిపెట్టాడు. వారు ఉన్నది ఉన్నట్లు విన్నవిస్తే రావణుడు నిందించి ఎదుటి నుండి వెళ్ళగొట్టాడు. సభలో నిలిచి ఉన్న తక్కిన వారికి ఆ పూట ఏమి బోధపడి ఉంటుంది?

నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఇరవై ఏళ్ళ క్రిందట, పాఠశాలలో ఈ సర్గలే చెబుతున్న రోజులలో, ఏడుగురు విద్యార్థులను ఒక క్షేత్రానికి తీసుకువెళ్ళాను. తెలిసిన పెద్దమనిషి ఒకరు, “శాస్త్రిగారూ, తమరు వరుసలో ఏమిటండీ” అంటూ నన్ను ప్రక్కద్వారం గుండా లోపలికి తీసుకుపోయారు. వెళ్ళాను. పిల్లలు వరుసలోనే ఉండి రెండున్నర గంటలకు బయటికి వచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు. మరుసటి నెలలో భోజనశాలలో పెద్ద విద్యార్థి ఒకడు చిన్నవాళ్ళను దాటి ముందుగా వడ్డించుకొంటుంటే మందలించాను. “మేము పెద్దవాళ్ళం కదండీ, గురువుగారూ” అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. పాఠం అప్పగించినట్లు అన్నాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఆ ఏడు కార్తికంలో వారినే మళ్ళీ అక్కడికి తీసుకువెళ్ళాను. ఆ పెద్దమనిషే ఎదురై ద్వారం చూపారు. నమస్కరించి, పిల్లల వెనుక వరుస చివర నిలుచున్నాను. ఆ కుర్రవాడు రెండుసార్లు వెనుదిరిగి చూచాడు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక వృద్ధుల వరుసలో నిలుస్తున్నాను. అది అందరు వృద్ధులకూ ఉన్నదే గదా.

స్వస్తి.