అమ్మ పొలం కాడికి పోతానంటే

 

బడి జ్ఞాపకాలు చెప్పమని పిలిచారు. అవి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను మా అమ్మ మతిమరుపు గురించి చెప్తాను. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఆ వయసుకు వచ్చారు, మనమూ ఎంతో దూరంలో లేము.

అమ్మకు పొద్దున తిన్నది గుర్తుండదు. సాయంత్రం కాగానే "పొలం కాడికి పోవాలె" అని చెప్పులేసుకుంటుంది. ఆ పొలం ఇప్పుడు ఎయిర్‌పోర్టు గోడ లోపల ఉంది. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు మొదలైనప్పుడు మాతో వచ్చి విమానాలు చూసింది కూడా. అది మరిచిపోయింది, పొలం మరవలేదు.

డాక్టరు అల్జీమర్స్ అన్నారు. ఒకచోట స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే జ్ఞాపకం తిరిగొస్తుందని తమ్ముడు విని వచ్చాడు. తొమ్మిది లక్షలు. "ఉన్న ఒక్క ప్లాటు అమ్ముదాం అన్నా" అన్నాడు. సరేనన్నాను. బేరం కుదిరింది. అడ్వాన్సు తీసుకునే ముందు రోజు, డాక్టరైన మన బ్యాచ్ మిత్రుడు ఒకటే అడిగాడు: "అది వైద్యమా, ట్రయలా? ట్రయలైతే మీ దగ్గర డబ్బెందుకు?"

2017లో ఐసీఎంఆర్ ఇచ్చిన మార్గదర్శకాలు అతనే చదివి చెప్పాడు. రక్త సంబంధమైన జబ్బులకు మూలకణాల మార్పిడి ఆమోదం పొందిన వైద్యం. మతిమరుపుకు అయితే అది ఇంకా ప్రయోగమే. అనుమతి ఉన్న ట్రయల్‌లోనే చేయాలి, రోగి దగ్గర పైసా తీసుకోకూడదు. నరంలోకి ఎక్కించిన ఆ కణాల్లో చాలావరకు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయట. జ్ఞాపకం ఉండేది మెదడు కణాల మధ్య ఏళ్ల తరబడి అల్లుకున్న లంకెల్లో. కొత్త కణం వచ్చినా అమ్మ పెళ్లినాటి సంగతి దానికి ఎవరు చెప్తారు?

ప్లాటు అమ్మలేదు. బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించాం. వాటి లోపం వల్ల వచ్చే మరుపైతే మందులకు తగ్గుతుంది. మాది అది కాదు. డొనెపెజిల్ రాశారు. కొంత కుదురు తప్ప జబ్బు నయం కాదని ముందే చెప్పారు.

నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించింది. రెండు భాషలు, అంతకన్నా ఎక్కువ మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందట, చదువు రానివాళ్లలో కూడా ఆ తేడా కనబడింది. అమ్మ బడి మొహం చూడలేదు గానీ సంతలో ఉర్దూలోనే బేరమాడేది. అట్లా మాకు కొన్నేళ్లు కలిసొచ్చాయేమో తెలియదు. మాతో తెలుగుతోపాటు ఉర్దూ చదివించిన సార్లకు ఈ సంగతి చెప్పాలనిపించింది.

"ప్లాటు కాపాడుకున్నావులే" అని తమ్ముడు ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. నాకూ రాత్రిళ్లు ఆ మాట గుచ్చుకునేది, ఇప్పటికీ అప్పుడప్పుడు గుచ్చుకుంటుంది.

అమ్మ చెప్పులేసుకుంటే ఇప్పుడు ఆపడం మానేశాం. చెయ్యి పట్టుకుని ఎయిర్‌పోర్టు గోడ కనబడే దాకా నడిపించుకుపోతాం. గోడ చూసి, "మన చేను బాగుందిరా" అని వెనక్కి తిరుగుతుంది. నిన్న సాయంత్రం తమ్ముడు తీసుకుపోయాడు.