సలేశ్వర యాత్ర: ఇంటిపెద్ద నడక

ఇంటిల్లిపాదిని వెంటబెట్టుకొని అడవియాత్రకు బోవు గృహస్థుడు ఎట్లు నడువవలెనో నాకు దెలిసినంతవఱకు మనవి చేసెదను. ఇది యొకడు చేసిన పొరపాటును గూర్చిన ముచ్చట. ఆ యొకడను నేనే.

మనవైపు దేవుళ్ళలో పెక్కురు గుట్టలపై వెలసినవారు. నల్లగొండ సీమలో యాదగిరి నరసింహస్వామి గుట్టమీద నున్నాడు. అచ్చంపేట చెంత ఉమామహేశ్వరుడు కొండచరియ నున్నాడు. అట్టి క్షేత్రములకు బోవువాడు ముందుగ నెక్కును. అలసినచో నడుమనే కూర్చుండును. మరలునపుడు దిగుటయే గనుక శ్రమ తక్కువ. సలేశ్వరపు లింగమయ్య యట్లుగాడు. ఆయన లోయలో నున్నాడు. ఒడలిలో సత్తువ యున్నపుడు దిగుడు, సత్తువ తగ్గినపుడు ఎక్కుడు. ఈ భేదమును గ్రహింపకయే నేను పొరబడితిని.

సలేశ్వరము నల్లమలలో, అమ్రాబాదు పీఠభూమిపై నున్నది. పూర్వము మహబూబునగరు జిల్లాలోనిదైన ఈ సీమ 2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లాలో జేరినది. ఇది పులుల సంరక్షణకై యేర్పఱచిన అడవి యగుటచే, చైత్ర పూర్ణిమకు అటునిటు కొలది దినములు మాత్రమే యాత్రికులను లోనికి విడుతురు. మన్ననూరు దాటి, శ్రీశైలము బాటనుండి అడవిలోనికి మఱలి, రాంపూరు పెంటవఱకు బండ్లపై బోవచ్చును. అటుపిమ్మట నడకయే. రెండు కొండల నడుమ రాళ్ళబాట దిగినచో, ఎత్తునుండి నీటిధార గుండములో బడుచుండును. ప్రక్కనే గుహలో లింగమయ్య. అచట పూజ చేయువారు చెంచులే.

బాల్యమున నన్ను మా నాయన యచటికి గొనిపోయెను. ఆ ముచ్చట నా బిడ్డలకు గూడ దక్కవలెనని, మా యవ్వను, భార్యను, పదునొకండేండ్ల కూతురిని, ఎనిమిదేండ్ల కొడుకును బయలుదేరదీసితిని. తెల్లవారక మునుపే దిగవలెనని యెంచితినిగాని, రాంపూరు చేరుసరికే ప్రొద్దు బాగుగ నెక్కినది. అయినను నాకు వెనుకాడబుద్ధి పుట్టలేదు. “వస్తున్నం లింగమయ్యా” యని కేకలిడుచు కొడుకు చేయి బట్టుకొని ముందు నడచితిని. ఉన్న రెండు సీసాల నీటిలో ఒకటి దిగుటలోనే యైపోయెను. గుండముకడ పిల్లల యానందము జూచి, నా యంతటి తండ్రి లేడని మురిసితిని.

మరలునపుడు మిట్టమధ్యాహ్నము. చైత్రమాసపు అడవిలో టేకాకు రాలియుండును, నీడ తక్కువ, రాయి కాలుచుండును. అవ్వ రెండుమార్లు చతికిలబడెను. “ఇంకొంచెమే” యని నేను లేపితిని. ఆ మాట యబద్ధమని నాకును దెలియును, ఆమెకును దెలియును. పిల్లవాడు మొదట నీళ్ళడిగెను. పిమ్మట అడుగుట మానెను. వాడు గట్టివాడైనాడని నేను సంతసించితిని.

అంతలో క్రిందినుండి వచ్చుచున్న చెంచు ముసలివాడొకడు నిలిచి, వాని మొగము జూచి, “పోరడు మాట్లాడుత లేడు. నడువొద్దు, కూసోబెట్టుండ్రి” అనెను. తన నీళ్ళు కొద్దికొద్దిగ ద్రావించి, బట్ట తడిపి వాని మెడపై వేసెను. బండచాటు నీడలో ప్రొద్దు వాలువఱకు గూర్చుంటిమి. పిల్లవాడు కొంతసేపటికి అక్కతో పోట్లాట మొదలిడెను. అప్పుడు నా గుండె కుదుటబడినది.

నేను సిగ్గుతో, “నాయనకున్న హుషారే నాకు వచ్చింది, అవ్వా” అంటిని. ఆమె, “మీ నాయన ముందు నడిచిండని నీకెవలు జెప్పిన్రు? అందరికన్న వెనుక నడుస్తుండె” అనెను. ఆలోచించి చూడగా నిజమే. చిన్ననాడు నాయన కేక యెల్లపుడును నా వెనుకనుండియే వినబడెడిది.

కావున పెద్దలారా, అడవియాత్రకు బోవువారు చల్లనివేళ దిగి, ఎండ ముదురకముందే యెక్కవలెను. నీటిలో సగమునకు మించి తిరుగుబాటకై దాచవలెను. చెమటతో ఉప్పు గూడ పోవును గనుక ఉప్పు వేసిన మజ్జిగయో, అంబలియో వెంట నుండవలెను. అలసినవాడు సణగుచున్నంతవఱకు భయము తక్కువ. మాట తడబడినను, మౌనము వహించినను వెంటనే నీడకు జేర్చి, ఒడలు తడిపి, వైద్యసహాయమునకు బంపవలెను. తెచ్చిన సీసాలను మఱల తీసికొనిపోవలెను. అది చెంచుల యిల్లు, మృగముల యిల్లు.

ఉత్సాహము తప్పుగాదు. ఇంటిపెద్దకు ఉత్సాహము లేనిచో ఇల్లు గడప దాటదు. కాని బాటమీద ఆయన తావు వెనుకనే. తుదనున్నవాని యడుగే కుటుంబమంతటి నడక.

ఆ సాయంకాలము అవ్వ ముందు, నేను వెనుకగా గట్టెక్కితిమి. “పోయొస్తం లింగమయ్యా” యని కేకవేసినవాడు మా పిల్లవాడు. సెలవు.