గంటీలు లేని చెవులు

 

స్నాతకోత్సవానికి డ్రాయింగ్ మాస్టారును పిలవడం ఎక్కడా చూడలేదు. ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసినప్పుడు, వెనక కట్టే బ్యానర్ రాయమంటారేమో అనుకున్నాను. నా ఉద్యోగంలో సగం బ్యానర్లు రాయడంతోనే గడిచింది మరి. కాదు, మాట్లాడాలన్నారు. మీలో బొమ్మల మీద మనసున్న పిల్లలు కొందరున్నారని, ఫైన్ ఆర్ట్స్ ఎంట్రన్స్‌కు తయారవుతున్నారని, రోజూ గీయమంటే "మూడ్ వస్తలేదు సార్" అంటున్నారని చెప్పారు. ఆ మాట విని ఒప్పుకున్నాను. నలభై ఏళ్లుగా ఆ మాట వింటున్నవాణ్ని. నేనూ అన్నవాణ్నే.

మూడ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మన జహీరాబాద్ బస్టాండు గురించి చెప్పాలి.

1983 ఎండాకాలం. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో రెండో ఏడు పూర్తి చేసి ఇంటికొచ్చాను. సెలవుల్లో రోజుకు 20 స్కెచ్‌లు గీయాలి, కాలేజీ తెరవగానే పుస్తకాలు చూపించాలి. అది మాకు పెట్టిన లెక్క. కాలేజీలో అయితే మోడల్ ఉంటాడు, గంటసేపు కదలకుండా కూర్చుంటాడు, కూర్చున్నందుకు డబ్బులు తీసుకుంటాడు. ఊళ్లో గంటసేపు ఊరికే కూర్చునే తీరిక ఎవరికుంది? కల్లంలో, బావి దగ్గర, హోటల్లో, ఎక్కడ చూసినా మనుషులు కదులుతూనే ఉంటారు. ఆలోచించి ఆలోచించి బస్టాండుకు వచ్చాను. బీదర్ బస్సు కోసం, నారాయణఖేడ్ బస్సు కోసం, సంగారెడ్డి బస్సు కోసం జనం కూర్చుని ఉంటారు. కూర్చునే ఉంటారు కానీ ఏ నిమిషంలో లేస్తారో దేవుడికి కూడా తెలియదు. బస్సు మలుపు తిరిగి కనబడితే చాలు, నా మోడళ్లందరూ ఒక్కసారే పరుగు. ఆ మొదటి వారం నా పుస్తకం నిండా తలకాయలే. కింద మొండేలు లేవు.

అప్పుడు తెలిసింది, గీత మొదలుపెట్టాల్సింది ముఖం నుంచి కాదని. మనిషి బరువు ఏ కాలు మీద ఉంది, నడుము ఎటు వంగింది, నెత్తి మీద మూట ఉంటే మెడ దాన్ని ఎట్లా మోస్తోంది, ముందు ఇవి పట్టుకోవాలి. నాలుగు గీతల్లో ఇవి దొరికితే బస్సొచ్చినా భయం లేదు, ముఖం తర్వాత గుర్తు మీద వేసుకోవచ్చు. ఇదేమీ నేను కనిపెట్టింది కాదు, లైఫ్ క్లాసులో మా సార్లు రెండేళ్లు చెప్పిందే. బస్సు చెబితే తప్ప నాకు ఎక్కలేదు.

ఒకరోజు ఒక ముసలమ్మ. పక్కన గోనెసంచి, కాళ్లు చాపుకుని నేల మీద కూర్చుంది. నేను సిమెంటు బెంచీ మీదున్నాను. ఆ బొమ్మ బాగా కుదిరింది. ముడతలు, చేతికర్ర, జారిన కొంగు అన్నీ వచ్చాయి. చూస్తున్నదని తెలిసి, గర్వంగానే పుస్తకం ఆమె ముందు పెట్టాను. చాలాసేపు చూసింది. వేలితో చెవి దగ్గర పొడిచి, "గంటీలు నాకేడివి కొడుకా? అవి అమ్మి శానా ఏండ్లాయె" అన్నది.

తలెత్తి చూశాను. సాగిన చెవితమ్మెలు, వాటికి పెద్ద పెద్ద రంధ్రాలు. గంటీలు లేవు.

అరగంట ఆమెనే చూస్తూ గీశాను. లేని గంటీలు ఎట్లా గీశాను? మా నాయనమ్మకు ఉండేవి. మా ఊళ్లో ముసలమ్మలందరికీ ఉండేవి. ముసలమ్మ అనగానే గంటీలు నా చేతిలో తయారుగా ఉన్నాయి, అవే కాగితం మీదికి దిగాయి. ఆమె గీయించుకుంటున్నది ఒక బొమ్మ, నేను గీస్తున్నది ఇంకొకటి. ఆమె బతుకులో జరిగిన ఒక పెద్ద సంగతి నా కళ్ల ముందే ఖాళీగా వేలాడుతుంటే, దాన్ని నేను గంటీలతో పూడ్చేశాను.

రోజూ ఎందుకు గీయాలని ఎవరైనా అడిగితే నాకు ఆ చెవులే గుర్తొస్తాయి. స్కెచ్ పుస్తకం బొమ్మలు పోగేసుకునే సంచి కాదు. మనకు తెలుసు అనుకున్నదానికీ, ఎదురుగా ఉన్నదానికీ తేడా ఎంతో రోజూ ఒకసారి కొలుచుకునే చోటు అది. ఫోన్‌లో ఫొటో తీస్తే ఆ చెవులు సరిగ్గానే వచ్చేవి, నిజమే. కానీ ఫొటో తీసినవాడు ఆ చెవులు చూసి ఉండడు. తప్పు గీశాను కాబట్టే నేను చూశాను.

బెంచీ మీద కూర్చున్నానని ఎందుకు అన్నానో కూడా చెప్పాలి. దానర్థం నాకు తెలియడానికి పదిహేనేళ్ల పైన పట్టింది. మీకు తెలుసు, ఇక్కడికి దగ్గర్లోనే పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. కొర్రలు, సామలు, తైదలు పండించే మన పల్లె ఆడవాళ్ల సంఘాలు దానివే. ఏటా సంక్రాంతికి పాత పంటల జాతరలో విత్తనాల బండ్లు ఊరూరూ తిరిగేదీ, 2008లో మాచునూరులో సంఘం రేడియో పెట్టిందీ వాళ్లే. ఆ ఆడవాళ్లలో కొందరు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. ఎక్కువమంది బడి మొహం చూడనివాళ్లు. ఇంగ్లీషులో ఉన్న షాట్ల పేర్లు వాళ్లకెందుకు? సొంతంగా పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్, ఎందుకంటే పటేల్ వాళ్లను అట్లాగే చూసేవాడు. కింది నుంచి పైకి చూసేదానికి బానిస చూపని పేరు. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా కెమెరా పెడితే అది సంఘం షాట్.

ఆ మాట మొదటిసారి విన్న రోజు నేను ఇంటికెళ్లి 1983 నాటి పుస్తకం తీశాను. ముసలమ్మ బొమ్మ చూశాను. నేల మీదున్న మనిషిని బెంచీ మీంచి గీశాను. నెత్తి పెద్దగా, కాళ్లు చిన్నగా వచ్చాయి. పటేల్ షాట్. కాలేజీలో ఐ లెవెల్ అంటే పర్‌స్పెక్టివ్ గీయడానికి అడ్డంగా కొట్టే గీత అని రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని. అది మర్యాదకు సంబంధించిన విషయం కూడా అని ఏ పుస్తకంలోనూ చదవలేదు. అప్పటి నుంచి నేల మీద కూర్చున్నవాళ్లను గీయాలంటే నేనూ నేల మీదే కూర్చుంటున్నాను. మోకాళ్లు ఒప్పుకోవడం లేదు ఈ మధ్య, అది వేరే సంగతి.

ఇంకో బడి గురించి చెప్తాను. అది ఇక్కడికి 30 కిలోమీటర్ల దూరంలోని బీదర్. బిద్రీ పనివాళ్ల దుకాణాలున్న వీధిలో ఒక ఉస్తాద్ దగ్గర ఎన్నో ఆదివారాలు కూర్చున్నాను. జింకులో కొంచెం రాగి కలిపి పోతపోసిన సురాహీని ఆకురాయితో నున్నగా చేస్తారు. దానికి మైలుతుత్తం నీళ్లు రుద్దితే కాసేపటికి నల్లబడుతుంది. ఆ నలుపు మీద మొనదేలిన ఇనుప కలంతో పువ్వులు, తీగలు గీస్తారు. గీసిన చోట తెల్లగా గీత పడుతుంది. నమూనా కాగితం లేదు, పెన్సిల్ గుర్తులు లేవు, రబ్బరు లేదు. సురాహీ పొట్ట గుండ్రంగా ఉంటుంది, అటు మొదలుపెట్టిన తీగ ఇటు తిరిగి వచ్చి మొదటి ఆకును సరిగ్గా తాకాలి. ఆ గీత వెంట ఉలితో చెక్కి, వెండి తీగ దిగ్గొట్టి, మళ్లీ ఆకురాయి పెడతారు. అప్పుడు నలుపు పోయి వెండీ లోహమూ ఒకే రంగులో కలిసిపోతాయి. అంత పనీ కంటికి కనబడకుండా పోతుంది. చివరికి బీదర్ కోట మట్టిని నవాసాగరంతో కలిపి వేడి లోహానికి పూస్తే, లోహం మాత్రం నల్లబడి వెండి తెల్లగా తేలుతుంది.

తీగ సరిగ్గా వచ్చి కలుస్తుందని ముందే ఎట్లా తెలుస్తుందని ఉస్తాద్‌ను అడిగాను. నవ్వి, "హాత్ కు పూఛ్" అన్నాడు. చేయిని అడగమని. ఆయన చేయి చిన్నప్పటి నుంచి రోజూ అదే పని చేసింది, దానికి జవాబు తెలుసు. నా చేయిని అడిగితే అది నా వైపే చూసింది. ఆ సాయంత్రం బస్సులో వస్తూ నా జేబులోని రబ్బరు కిటికీలోంచి పారేశాను. పొగరే అనుకోండి. కానీ చెరపడానికి వీల్లేదని తెలిస్తే గీత పెట్టే ముందు కన్ను రెండుసార్లు చూస్తుంది.

చేయికి జవాబు తెలియడంలో ఒక ప్రమాదం కూడా ఉంది. గంటీలు గీసింది కూడా నా చేయే కదా. బిద్రీ తీగలో ఆ చేయి మొనగాడు, ఎందుకంటే తీగ ఎట్లా ఉండాలన్నది చేయి నిర్ణయించవచ్చు. బస్టాండులో కూర్చున్న మనిషి ఎట్లా ఉండాలో నిర్ణయించే హక్కు చేయికి లేదు.

ఇది నాకు ఎద్దులతో ఇంకోసారి తెలిసొచ్చింది. చెరకు సీజన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ముందు బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉండేవి. ఎద్దుల్ని విప్పి ముందర గడ్డి వేసేవాళ్లు. అంతకంటే మంచి మోడళ్లు ఎక్కడ దొరుకుతాయి, గంటల కొద్దీ నెమరేస్తూ పడుకుంటాయి. తూకం చీటీల వెనక తెల్లగా ఉన్న చోటల్లా గీశాను. మూడేళ్లు. ఎద్దులు గొప్పగా వచ్చేవి. అందరూ మెచ్చుకున్నారు, ఒక్క మా సార్ తప్ప. ఆ చీటీలన్నీ తిరగేసి, "ఎద్దులు నీకు వచ్చేశాయి. ఇక గీయకు" అన్నారు. మండిపోయింది. నెల తర్వాత ఆ బొమ్మలు నేనే చూసుకుంటే, అన్ని బండ్ల దగ్గరా ఒకే ఎద్దు. కొమ్ములు కూడా మారలేదు. రోజూ గీయడం అలవాటైంది కానీ రోజూ చూడటం ఎప్పుడు ఆగిపోయిందో గమనించలేదు. అందుకే రోజుకు ఎన్ని గీశారని నేను ఎవరినీ అడగను. నిన్న రానిది ఇవాళ ఏం గీశావు అని అడుగుతాను.

రబ్బరు లేని పని అన్నాను కదా, మన పాత మెదక్ జిల్లా నుంచే ఆ పనిలో పేరు పొందిన ఒకాయన ఉన్నారు. కె. లక్ష్మాగౌడ్. 1940లో నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాద్‌లో చదివి, 1963లో బరోడా వెళ్లి, కె.జి. సుబ్రమణ్యన్ గారి దగ్గర కుడ్యచిత్రాలు నేర్చుకున్నారు. ఎచింగ్ అనే ముద్రణ పద్ధతిలో ఆయన గీత దేశమంతా తెలుసు. లోహపు రేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచుతారు. సూది గీకిన చోటల్లా ఆమ్లం లోహాన్ని తినేస్తుంది. ఆ రేకు చాలాసార్లు జింకే, బిద్రీకి వాడే లోహమే. బరోడా నుంచి ఆయన తిరిగి తన ఊరికే వచ్చారు. మేకలు, చెట్లు, ఆడవాళ్లు, మగవాళ్లు, అందరూ చిన్నప్పటి నుంచీ అక్కడే ఉన్నారు. బరోడా వెళ్లొచ్చిన కంటికి వాళ్లు మళ్లీ మొదటిసారి కనబడ్డారు. ఆ మేకల్ని చూస్తే నా ఎద్దులు గుర్తొచ్చి సిగ్గేస్తుంది. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అదే పాత మెదక్ జిల్లా సిద్దిపేటలో పుట్టిన కాపు రాజయ్య గారు సొంత ఊళ్లోనే స్థిరపడ్డారు. అక్కడే ఉండి బోనాలు, బతుకమ్మలు గీశారు. 2012లో కన్నుమూశారు. ఒకాయన వెళ్లొచ్చి చూశారు, ఒకాయన ఉండి చూశారు. మీలో కొందరు హైదరాబాద్ పోతారు, పుణె పోతారు, కొందరు ఇక్కడే షాపు చూసుకుంటారు. నేను ఎటూ సలహా ఇవ్వను.

ఎటు పోయినా స్కెచ్ మాత్రం వదలకండి. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో పోయేనాటికి ఆయనకు 28 నిండలేదు. ఆయన పేరిట ఉన్న గ్యాలరీకి వెళ్తే పెద్ద చిత్రాలు ఎట్లాగూ చూస్తారు, స్కెచ్‌ల దగ్గర కూడా కాసేపు నిలబడండి. శాంతినికేతన్‌లో మన చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు గారికి గురువైన నందలాల్ బోస్ అయితే పోస్టుకార్డుల మీద గీసి పడేసేవారు. నా జేబులో కూడా కార్డు సైజు కాగితాలే ఉంటాయి. పెద్ద పుస్తకం తీస్తే జనం సర్దుకుని కూర్చుంటారు, కార్డు తీస్తే బస్సు నంబరు రాసుకుంటున్నాడనుకుంటారు.

ఇక మూడ్. నా దగ్గర నలభై ఏళ్ల పుస్తకాలున్నాయి. రిటైరయ్యాక తీరిక దొరికి ఒక పని చేశాను. ఒక్కో రోజు గీసిన స్కెచ్‌లలో ప్రాణం ఉన్నవి ఎన్నోవి అని చూశాను. మొదటి ఐదారు దాదాపు ఎప్పుడూ చచ్చుబొమ్మలే. చేయి బిగుసుకుని ఉంటుంది, గంటీలూ పాత ఎద్దులూ అందులోనే వస్తాయి. ఎనిమిదో తొమ్మిదో గీసేటప్పటికి గీత కొంచెం వదులవుతుంది. పదిహేను దాటాక మళ్లీ నిర్లక్ష్యం. మంచివి ఎక్కువగా ఆ మధ్యలోనే ఉన్నాయి. మూడ్ రాలేదని లేచిపోయినవాడు ఆరో బొమ్మ దగ్గర లేచిపోయాడన్నమాట. ఉద్యోగం కొత్తలో నేనే రెండేళ్లు అట్లా లేచిపోయాను. పెళ్లి, బదిలీ, ఇల్లు అని కారణాలు చెప్పుకున్నాను. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఐదారు చచ్చుబొమ్మల బదులు ఐదారు నెలల చచ్చుబొమ్మలు వచ్చాయి.

ఇప్పుడు ఫోనుకు ఏం కావాలో చెబితే బొమ్మ వేసి ఇస్తుందట. మా మనవడు "జహీరాబాద్ బస్టాండులో ముసలమ్మ" అని అడిగాడు. క్షణంలో వచ్చింది. చెవులకు పెద్ద గంటీలు పెట్టింది! నలభై ఏళ్ల కిందటి నన్ను చూసినట్టయింది.

ఆ ముసలమ్మ మళ్లీ కనబడలేదు. ఆ పేజీ మాత్రం ఉంది. గంటీలు చెరపడానికి అప్పటికి నా దగ్గర రబ్బరు ఉండేది కానీ చెరపలేదు. కింద ఇంకో చెవి గీసి ఉంచాను, ఖాళీది.

నా నారాయణఖేడ్ బస్సు నాలుగున్నరకు. అరగంట ముందు వెళ్తే అంగడి నుంచి తిరిగెళ్లేవాళ్లు దొరుకుతారు. మీలో ఎవరి దగ్గరైనా పెన్సిల్ ఉంటే, ఆ నల్ల గౌను ఇక్కడే వదిలేసి రండి. కింద కూర్చోవాలి మరి.