సేవ ఎక్కడిదైనా న్యాయం మన ఊళ్ళోనే
(అలిపిరిలో చేసిన ప్రసంగ పాఠం)



టికెట్టు కొన్నా, వస్తువు తెప్పించుకున్నా, డబ్బు పంపినా మనం ముందుగా చేసే పని ‘అంగీకరిస్తున్నాను’ అన్నచోట వేలు నొక్కడం. ఆ షరతుల చివర సాధారణంగా రెండు వాక్యాలుంటాయి: ఏ దేశపు చట్టం వర్తిస్తుంది, తగవు వస్తే ఏ ఊరి కోర్టుకు రావాలి. 2021 నాటి వాట్సాప్ షరతులు కాలిఫోర్నియా చట్టాన్ని, అక్కడి కోర్టులనే పేర్కొన్నాయి. మన దేశపు కంపెనీలైతే బెంగళూరనో, ముంబయి అనో రాస్తాయి. మరికొన్ని మధ్యవర్తి తీర్పుకు కట్టుబడాలంటాయి. వెయ్యి రూపాయల నష్టానికి అలిపిరి నుంచి అంతదూరం ఎవరు వెళ్ళగలరు? ఆ నిస్సహాయతే అవతలివారికి బలం.

ఇచ్చిన మాటకు కట్టుబడడం మనకు ధర్మం. అయితే బలవంతుడు ఒక్కడే రాసుకుని, బలహీనుడి చేత వేలు నొక్కించిన షరతు అతని న్యాయహక్కును హరించలేదు. మన చట్టం కూడా ఆ మాటే అంటోంది.

2020 జూలైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించేచోటే, లేదా పనిచేసేచోటే ఫిర్యాదు చేయవచ్చు. అంటే అలిపిరి నివాసి తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు తట్టవచ్చు. మధ్యవర్తి తీర్పు షరతు ఉన్నంత మాత్రాన ఆ తలుపు మూసుకుపోదని ఎమ్మార్ ఎంజీఎఫ్–అఫ్తాబ్ సింగ్ కేసులో 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అన్యాయపు ఒప్పంద షరతులు చెల్లవని ప్రకటించే అధికారం రాష్ట్ర కమిషన్‌కు ఉంది. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొన్న వస్తువైతే ఆటో నడిపే సోదరుడూ వినియోగదారుడే.

మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా తెలపండి. 48 గంటల్లో అందినట్లు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఇది 2020 నాటి ఈ-కామర్స్ నియమం. పరిష్కారం దొరకకపోతే 1915కు ఫోన్ చేయండి, లేదా కమిషన్‌కు వెళ్ళండి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్ళు. రసీదులు, సందేశాలు, తెరపై కనిపించిన షరతుల ఫోటోలు దాచుకోండి.

డబ్బు చెల్లించని ఉచిత సేవల విషయం వేరు. అక్కడ వినియోగదారుల చట్టం సాయపడడం కష్టం. కానీ అక్కడే మన బిడ్డల పరువు పణంగా ఉంటుంది. 2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరిలో ‘బుల్లీ బాయి’ పేర్లతో ముస్లిం మహిళల ఫోటోలను వేలానికి పెట్టినట్లు చూపారు. రెండింటికీ చోటిచ్చిన గిట్‌హబ్ అమెరికా కంపెనీ. నిందితులు మాత్రం ఇండోర్, బెంగళూరు, ఉత్తరాఖండ్, అస్సాంలలో పట్టుబడ్డారు. మొదటి ఘటనలో ఫిర్యాదు నమోదైన ఆరు నెలలకు, రెండోది జరిగాక గానీ అరెస్టులు జరగలేదు. ఆ జాప్యం మనకు పాఠం.

అలాంటి ఆపద వస్తే కంపెనీ షరతులు చూసి వెనక్కి తగ్గవద్దు. ఇక్కడి కంప్యూటర్లతో ముడిపడిన నేరం విదేశంలో జరిగినా మన ఐటీ చట్టం 75వ సెక్షన్ వర్తిస్తుంది. మార్ఫింగ్ చిత్రాల మీద ఫిర్యాదు అందితే తొలగించడానికి 2021 ఐటీ నియమాలు మొదట పెట్టిన గడువే 24 గంటలు. కంపెనీ నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో కేంద్రం ఏర్పరచిన ఫిర్యాదుల అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్ళవచ్చు. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్లోనైనా సమాచారం ఇవ్వవచ్చని 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది. 1930 సైబర్ సహాయవాణి కూడా ఉంది.

ప్రతి మొహల్లాలో చదువుకున్న యువకులు ఇద్దరు, యువతులు ఇద్దరు ఈ ఫిర్యాదులు రాయడం నేర్చుకోవాలి. పరువు పోతుందని ఆడబిడ్డను మౌనంగా ఉంచకండి. ఆమె పక్కన నిలబడి ఫిర్యాదు రాయించండి. తలుపు మన ఊళ్ళోనే ఉంది, తట్టవలసింది మనం.