ఉపగ్రహం చూసే పచ్చదనం, మన పశువు మేసే పచ్చిక

(మందస మండలంలోని ఒక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఉపగ్రహాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సమావేశం మొదలయ్యే ముందు ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని, "అంతెత్తున ఉన్నదానికి మా గేది మేసే గడ్డి కనిపిస్తాదేటి బాబూ?" అని అడిగారు. నేను రాసుకొచ్చిన కాగితాల కంటె ఆ ప్రశ్నే బాగుంది. దానికి జవాబు చెప్పి కూర్చుంటాను.

జవాబు ముందే చెప్పేస్తున్నాను. ఉపగ్రహానికి పచ్చదనం కనిపిస్తుంది. ఆ పచ్చదనం మేత అవునో కాదో కనిపించదు. ఆ రెండో మాట చెప్పగలిగినది మీరూ, మన సంఘం పాల రిజిస్టరూ. రెండూ కలిస్తేనే లెక్క నిజమవుతుంది.

పచ్చదనాన్ని ఎలా కొలుస్తారు?

సూర్యకాంతిలో మన కంటికి కనిపించే రంగులతో పాటు కంటికి అందని పరారుణ కిరణాలు కూడా ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్రని వెలుగును తన ఆహారం తయారు చేసుకోవడానికి పీల్చుకుంటుంది. ఎరుపుకు దగ్గరగా ఉన్న పరారుణ వెలుగును మాత్రం చాలావరకు తిప్పికొడుతుంది. వట్టి ఇసుక నేల ఈ రెండు వెలుగులనూ ఇంచుమించు సమంగా తిప్పికొడుతుంది. ఈ తేడాయే శాస్త్రజ్ఞులకు ఆధారం.

లెక్క కూడా సులువే. పరారుణం అంకెలో నుంచి ఎరుపు అంకెను తీసివేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తారు. ఉదాహరణకు ఒక తోట నూటికి 50 పాళ్ళు పరారుణాన్ని, 5 పాళ్ళు ఎరుపును తిప్పికొట్టిందనుకోండి. 45ను 55తో భాగిస్తే 0.82 వస్తుంది. అది దట్టమైన పచ్చదనం. ఇసుక దిబ్బ 30 పాళ్ళు, 25 పాళ్ళు తిప్పికొడితే 5ను 55తో భాగించాలి. 0.09 వస్తుంది. అక్కడ పచ్చదనం లేనట్టే. ఈ అంకెను పచ్చదనం సూచిక అనుకుందాం. శాస్త్రజ్ఞులు దీన్ని ఎన్.డి.వి.ఐ. అంటారు.

ఇందులో మనకు దగ్గరి సంగతులు రెండున్నాయి. మన దేశంలో దూరం నుంచి పంటను పరీక్షించే పని మొదలైనదే కొబ్బరి చెట్టుతో. 1970లో ఆచార్య పి.ఆర్. పిషరోటి గారి బృందం కేరళలో హెలికాప్టరు ఎక్కి, పరారుణ ఫిలిం వేసిన కెమేరాలతో కొబ్బరి తోటలను ఫొటోలు తీసింది. వడలు తెగులు పట్టిన చెట్లను పైనుంచి గుర్తించవచ్చని ఆ ప్రయోగం చూపింది. రెండవది, ఈ సూచిక పుట్టినదే పచ్చిక బయళ్ళ మీద. అమెరికా 1972లో మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహాన్ని పంపింది. ఆ దేశపు మధ్య మైదానాల్లో పశువులు మేసే బయళ్ళు ఎప్పుడు పచ్చబడుతున్నాయో, ఎప్పుడు ఎండుతున్నాయో తెలుసుకోవడానికి టెక్సాస్‌కు చెందిన రౌస్, ఆయన సహచరులు 1973, 1974 సంవత్సరాల్లో ఈ లెక్కను వాడారు. కనుక ఇది పాడి రైతుకు పరాయి విద్య కాదు.

మన హైదరాబాదులో 1974లో జాతీయ దూర సంవేదన సంస్థ ఏర్పడింది. 1988 మార్చి 17న మన సొంత ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహం నింగికెక్కింది. దాని ఒక కెమేరాకు నేల మీద 72 మీటర్ల చదరం ఒక చుక్కగా కనిపించేది. మన లెక్కలో అది ఎకరం పావు పైన. లాండ్‌శాట్ చుక్క ఈనాడు 30 మీటర్లు, అనగా సుమారు 22 సెంట్లు. ఐరోపా వారు 2015 నుంచి పంపిన సెంటినెల్-2 ఉపగ్రహాల చుక్క 10 మీటర్లు, అనగా రెండున్నర సెంట్లు. మీ పెరటి గడ్డిమడి కూడా అందులో ఒకటి రెండు చుక్కలుగా ఉండవచ్చు.

లాక్టోమీటరు నేర్పే పాఠం

ఇక అసలు విషయానికి వస్తాను. మన కేంద్రంలో లాక్టోమీటరు ఉంది. అది పాలను రుచి చూడదు, సాంద్రతను కొలుస్తుంది. పాలలో నీళ్ళు కలిపితే అంకె పడిపోతుంది. కాని వెన్న తీసివేసి, ఆ తరువాత కొలతగా నీళ్ళు కలిపితే అంకె మళ్ళీ మామూలుగానే నిలుస్తుంది. అందుకే మనం లాక్టోమీటరు ఒక్కదాన్నే నమ్మం. వెన్నశాతం కూడా చూస్తాం. పచ్చదనం సూచిక నేలకు పెట్టిన లాక్టోమీటరు వంటిది. మంచి పనిముట్టే, కాని ఒంటరిగా నమ్మదగినది కాదు.

మన ఉద్దానాన్నే చూడండి. ఉద్యానవనమన్న మాటే ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, సముద్రపు ఒడ్డున సరుగుడు. పైనుంచి చూస్తే అంతా పచ్చన. కాని సరుగుడును పశువు మేయదు. చెరువు గర్భంలో పెరిగిన తూటికాడ పచ్చనే, నీటి మీద గుర్రపుడెక్క పచ్చనే, గట్టు మీద వయ్యారిభామ పచ్చనే. ఇవేవీ గంపకెత్తే మేత కావు. అటు కొబ్బరి తోట లోపల గినీ గడ్డి వేసిన రైతుకు మంచి మేత ఉన్నా, పైనున్న మట్టల కప్పు వల్ల అది ఉపగ్రహానికి కనిపించదు. గడ్డి ఉన్న తోటా గడ్డి లేని తోటా దానికి ఒకే రంగు.

2019లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన, 2000 నుంచి 2017 వరకు ఉపగ్రహాలు తీసిన చిత్రాలను బట్టి ప్రపంచంలో ఆకు విస్తీర్ణం పెరగడంలో చైనా, భారతదేశం ముందున్నాయని తేల్చింది. సంతోషించదగిన మాటే. అయితే మన దేశంలో ఆ పెరుగుదలలో ఎనభై శాతానికి పైగా పంట భూముల నుంచి వచ్చింది. అంటే పంటలు పెరిగాయి. మేత బీళ్ళు పెరిగాయని దానికి అర్థం కాదు.

తిత్లీ తరువాత

2018 అక్టోబరు 11 తెల్లవారుజామును ఇక్కడ ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. లక్షల కొద్దీ కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకూలాయి. తుపానుకు ముందు తీసిన చిత్రాన్నీ తరువాత తీసిన చిత్రాన్నీ పక్కపక్కన పెడితే, దెబ్బ ఎంతమేర తగిలిందో ఇల్లిల్లూ తిరగకుండానే తెలుస్తుంది. ఇది ఉపగ్రహం చేసే గొప్ప మేలు.

కాని మరుసటి వానలకు ఏమవుతుందో ఆలోచించండి. చెట్టు పోయిన చోట ఎండ నేలకు తగులుతుంది. గడ్డీ గాదం, తుప్పలూ లేస్తాయి. సూచిక మళ్ళీ పైకి వెళుతుంది. చిత్రం చూసినవారు తోట కోలుకున్నదనుకోవచ్చు. తోట కోలుకోలేదు. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, ఆ చెట్టు ఇచ్చే నీడకూ అన్నేళ్ళే. వెన్న పోయి నీళ్ళు చేరిన పాలకు లాక్టోమీటరు మంచి అంకె చూపినట్టే ఇదీను.

నేల వేడి, పశువు వేడి

ఉపగ్రహాలు నేల వేడిని కూడా కొలుస్తాయి. ఆకు తన నీటిని ఆవిరిగా వదులుతుంది కనుక, చెమర్చే కుండలో నీరు చల్లబడినట్టు తోట చల్లగా ఉంటుంది. వట్టి ఇసుక కాలుతుంది. వైశాఖంలో చెప్పుల్లేకుండా తీరం ఇసుక మీద నడిచినవారికి ఈ సంగతి ఏ యంత్రమూ చెప్పనక్కర్లేదు.

అయితే ఒక జాగ్రత్త. ఉపగ్రహం చెప్పేది నేల పైపొర వేడి. రేడియోలో చెప్పే గాలి ఉష్ణోగ్రత వేరు, మీ పాకలోని వేడి వేరు. పైగా లాండ్‌శాట్ మన మీదుగా వెళ్ళేది పొద్దున్న పది గంటల ప్రాంతంలో. నడి మధ్యాహ్నపు మంట దానికి అందదు. గేదెకు ఒళ్ళు నలుపు, చెమట గ్రంథులు తక్కువ. సంకరజాతి ఆవు కూడా వేడికి ఆగలేదు. వేడెక్కిన పశువు మేత తగ్గిస్తుంది, దానితో పాలూ తగ్గుతాయి. తోట కూలిన ఊళ్ళో పశువుకు మేతతో పాటు నీడ కూడా కరువేనని మనం గుర్తించాలి.

మబ్బు సంగతి కూడా చెప్పాలి. ముసురు పట్టిన రోజుల్లో ఈ కెమేరాలకు నేల కనిపించదు. మబ్బును దాటి చూసేవి రాడార్ ఉపగ్రహాలు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నిసార్ అటువంటిదే. భారత, అమెరికా సంస్థలు కలిసి దాన్ని నిర్మించాయి.

మన సంఘం చేయదగిన పని

వానాకాలంలో కరవును అంచనా వేయడానికి మన ప్రభుత్వాలు ఈ సూచికను చూస్తున్నాయి. రేపు మనం ఎండుగడ్డి కోసమో, మేత విత్తనం కోసమో దరఖాస్తు పెడితే, "చిత్రంలో మీ ఊరు పచ్చగానే ఉంది కదా, లోటెక్కడిది?" అని ఎవరైనా అడగవచ్చు. ఆనాడు మన చేతిలో కాగితం ఉండాలి. అందుకు మూడు పనులు సూచిస్తున్నాను.

మొదటిది, సంఘంలో ఒక మేత పుస్తకం పెట్టండి. ఏ సభ్యుడికి ఎన్ని సెంట్ల పచ్చిమేత ఉంది, తోట లోపలా బయటా, ఎండుగడ్డి ఎన్నాళ్ళకు వస్తుంది, పాక మీద చెట్టు నీడ ఉందా లేదా రాయండి. ప్రతి పుటపైనా తేదీ వేయండి. తేదీ లేని మాట ఏ చిత్రంతోనూ పోల్చడానికి పనికిరాదు.

రెండవది, పాల రిజిస్టరు. పూటపూటా రాసే ఆ లెక్కకు సాటి వచ్చేంత తరచుగా మంచి కెమేరా ఉన్న ఏ ఉపగ్రహమూ మన ఊరిని చూడదు. సెంటినెల్ అయిదు రోజులకొకసారి, రెండు లాండ్‌శాట్‌లు కలిసి ఎనిమిది రోజులకొకసారి వస్తాయి. అయితే ఎన్ని పశువులు ఈనాయి, ఎన్ని వట్టిపోయాయి, ఏ రోజు బండి రాలేదు అన్నది కూడా పక్కన రాయాలి. లేకుంటే ఈత లేక తగ్గిన పాలను మేత లేక తగ్గిన పాలుగా పొరబడతాం.

మూడవది, చదువుకున్న మన పిల్లలకు ఈ పని అప్పగించండి. లాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఉచితం. హైదరాబాదు సంస్థ 2009లో తెరిచిన భువన్‌లో మన ఊరి పటం చూసుకోవచ్చు. వేసవిలో ఒకటి, వానల్లో ఒకటి, కోతల తరువాత ఒకటి, ఏడాదికి మూడు చిత్రాలు మేత పుస్తకంలో అతికించినా చాలు. ఏది సరుగుడో, ఏది తూటికాడో, ఏది గడ్డిమడో పెద్దలు వేలు పెట్టి చూపాలి, పిల్లలు గుర్తు పెట్టాలి.

మందస కోవా పేరు జిల్లా దాటి వినబడుతోంది. కోవా వెనుక పాలు, పాల వెనుక మేత, మేత వెనుక నీడా నీరూ ఉన్నాయి. వీటిలో కొన్ని పైనుంచి కనబడతాయి, కొన్ని పాక గుమ్మంలో నిలబడితేనే కనబడతాయి.

పెద్దాయనా, మీ ప్రశ్నకు నా జవాబు ఇది. మీ గేదె మేసే గడ్డి దానికి ఆకుపచ్చ చుక్కలా కనిపిస్తుంది. అది గడ్డి అని చెప్పవలసినది మీరే. ఈ నెలలోనే మేత పుస్తకం మొదటి పుట రాస్తామని సభవారు తీర్మానిస్తే, నేను వచ్చిన పని నెరవేరినట్టే.